పొలిమేర దాటిన సూదులు

దిష్టి తీసిన నిమ్మకాయలను, పగులగొట్టిన గుమ్మడికాయను నాలుగు త్రోవల కూడలిలో పారవేయుట తెలుగునాట పాత అలవాటు. వానిని త్రొక్కరాదని, ముట్టరాదని, ప్రక్కకు తొలగి నడువవలెనని పెద్దలు పిల్లలకు చెప్పుచు వచ్చిరి. ఆ నమ్మకములోని నిజానిజముల మాట యటుంచినను, ఒక యింటినుండి వెడలగొట్టిన కీడు దారిన పోవువాని కాలికి చుట్టుకొనగలదను ఎరుక అందున్నది. నేడు చెరువుగట్టుల క్రిందను, రహదారి ప్రక్క గోతులలోను అప్పుడప్పుడు కానవచ్చు కుప్పలు వేరు. వాడి పారవేసిన సిరంజిలు, సూదులు, సెలైను గొట్టములు, నెత్తురంటిన దూది, శస్త్రచికిత్స కత్తులు, మందుసీసాలు అందుండును. వీనిని చూచి తొలగిపోయినంత మాత్రమున పని తీరదు. చూచినవాడు నోరు మెదపక పోయినచో తరువాత వచ్చువాడు త్రొక్కును.

ఆ తరువాత వచ్చువాడు తరచు బడిపిల్లవాడే. పెద్దలకు రోత పుట్టించు వస్తువు పిల్లలకు ఆటవస్తువగుట క్రొత్త కాదు. సిరంజి వారికి నీళ్ళు చిమ్ము గొట్టము. కనుక ఉపాధ్యాయుడు మొదట చెప్పవలసిన మాట చిన్నది: ముట్టవద్దు, తన్నవద్దు, కఱ్ఱతో కెలకవద్దు. మూతి కట్టిన సంచియైనను ఎత్తవద్దు. సూది సంచిని చీల్చుకొని బయటికి రాగలదు. పశువులను దూరముగా తోలి, పెద్దవాడొకడు అచ్చట నిలువగా మరియొకడు కబురు చేయుట మేలు.

ఈలోపల ఎవరికైన సూది గ్రుచ్చుకొన్నచో? ఇచ్చట ఇంటి వైద్యము హాని చేయును. గాయమును పిండుట, నోటితో పీల్చుట, సున్నమో పసుపో అద్దుట కూడదు. అన్నిటికంటె చెడ్డది, ఇంటిలో తిట్టుదురని పిల్లవాడు దాచుట. ధారగా పడు నీటిలో సబ్బుతో కడిగి, వీలైనచో ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. హెచ్‌.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందును ఎంత త్వరగా మొదలిడిన అంత మంచిది. 72 గంటలు దాటిన పిమ్మట దానిని ఇయ్యరు. మొదలిడినచో 28 దినములు మానక వాడవలెను. అది అవసరమా, కాదా యని నిర్ణయించువాడు వైద్యుడు. ధనుర్వాతపు టీకా సంగతియు ఆయనయే చూచును.

లోకము హెచ్‌.ఐ.వి. పేరు విన్న వణకును గాని లెక్క వేరుగా నున్నది. రోగి నెత్తురంటిన సూది ఒక్కసారి గ్రుచ్చుకొన్నచో హెచ్‌.ఐ.వి. సోకు అవకాశము నూటికి 0.3, హెపటైటిస్‌-సి 1.8, హెపటైటిస్‌-బి 30 వరకు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పైగా ఈ కడపటి క్రిమి శరీరము వెలుపల 7 దినములైనను బ్రతికియుండగలదు. ఈ మూడింటిలో టీకా యున్నదియు దీనికే. బడిపిల్లలలో ఆ టీకా ఎందరికి పడినదో తలిదండ్రులను అడిగి తెలిసికొనుట ఏ ప్రధానోపాధ్యాయునికైనను కష్టమైన పని కాదు.

దొరికినదానిని తామే మోసికొనిపోయి అధికారికి చూపుదమను ఉత్సాహము కొందరికి కలుగును. ఇందుకు బ్రెజిలు దేశమున గొయానియా నగరములో 1987లో జరిగినది తలచుకొనదగినది. అచ్చట ఒక వైద్యశాల వేరొక చోటికి తరలిపోవుచు, కేన్సరు చికిత్సకు వాడిన యంత్రమును పాడుబడిన భవనములో విడిచిపోయెను. పాత సామానులు ఏరుకొను ఇద్దరు దానిలోని బరువైన భాగమును ఊడదీసికొనిపోగా అది పాత ఇనుము వర్తకుని చేరెను. లోపలి పదార్థము చీకటిలో నీలికాంతితో వెలుగుచుండుట చూచి అతడు మురిసి బంధుమిత్రులకు పంచెను. అది సీజియం-137. ఆరేండ్ల బాలిక యొకతె దానిని ఒంటికి పూసికొని ఆడినది. అది అంటిన చేతితోనే తిండి తిన్నది. అందరును జబ్బుపడుట గమనించి, ఆ వెలుగే కారణమని ఊహించినది వర్తకుని భార్య. ఆమె దానిని సంచిలో పెట్టించి బస్సులో ఆరోగ్య కార్యాలయమునకు చేర్చెను. నిజము బయటపడినది ఆమె వలననే. నలుగురు మరణించిరి, ఆమెయు, ఆ బాలికయు అందున్నారు. లక్షకు పైగా ప్రజలను పరీక్షింపగా 249 మందికి ఆ విషపదార్థము అంటినట్లు తేలెను. ఉన్నచోటనే యుంచి అధికారులనే అచ్చటికి రప్పింపవచ్చునని అంతటి తెలివిగల యిల్లాలికి ఎవరును చెప్పియుండలేదు. మూడు రెక్కల గుర్తు గల పెట్టెయో, చిన్నదయ్యును మిక్కిలి బరువైన లోహపు డబ్బాయో కంటబడినచో దూరముగా తొలగి 112 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఊరివారి మరియొక తొందర అగ్గిపుల్ల. కుప్పను కాల్చిన పీడ వదలునని తలంతురు. కొన్ని గొట్టములలోను, సంచులలోను క్లోరిను గల ప్లాస్టిక్కు ఉండును. అది ఆరుబయట కాలినచో డయాక్సినులను విషములు గాలిలో కలియును. సూదులు బూడిదలో మిగిలి మరింత కనబడకుండ పోవును. అంతకు మించిన నష్టమొకటి కలదు. కుప్పతోబాటు దాని చిరునామా కాలిపోవును.

2024 డిసెంబరులో తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో నడుకల్లూరు, కొడగనల్లూరు మొదలగు గ్రామముల చెంత కేరళనుండి తెచ్చి పోసిన ఆసుపత్రి చెత్త బయల్పడెను. వాడిన సిరంజిలతోబాటు రోగుల వివరములు గల కాగితములును అందుండెను. అవి తిరువనంతపురపు వైద్యశాలలవని ఆ కాగితములే పట్టియిచ్చినవి. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ పీఠము మూడు దినములలో దానిని తొలగింపవలెనని కేరళను ఆదేశించెను. డిసెంబరు 22న కేరళ అధికారులే లారీలతో వచ్చి తమ చెత్తను ఎత్తించుకొనిపోవ మొదలిడిరి. తమిళనాడు పోలీసులు కొందరిని నిర్బంధించిరి. గ్రామస్థులు ముందుగా నిప్పు పెట్టియున్నచో ఈ లారీలు ఎవరి యింటికి మరలి యుండెడివి? అయితే అట్టి కాగితములను దూరమునుండి ఫోటో తీయుట వరకే పౌరుని పని. అందలి రోగుల పేర్లను ఊరంతట చాటుట మరియొక అపచారము.

ఇట్లు పారబోయుటకు చట్టములు లేకపోవుట కారణము కాదు. 1998లో మొదటి నిబంధనలు వచ్చినవి. 2016లో వానికి బదులు క్రొత్తవి వచ్చినవి. పసుపు, ఎఱుపు, తెలుపు, నీలము అను నాలుగు రంగులుగా చెత్తను వేరుచేయవలెను. సూదులు, కత్తులు గ్రుచ్చినను చిల్లుపడని తెల్లని పెట్టెలో పడవలెను. శుద్ధి చేయని చెత్తను 48 గంటలకు మించి నిలువ యుంచరాదు. దానిని శుద్ధి కేంద్రమునకు పంపుటకు రుసుము చెల్లింపవలెను. చీకటిలో గోతికి పంపుటకు లారీ కిరాయి చాలును. గొట్టములకు, సిరంజిలకు పాత ప్లాస్టిక్కు బజారులో కొనువారును కలరు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతమున హెపటైటిస్‌-బి ప్రబలి పలువురు మరణించినప్పుడు, వాడిన సిరంజిలనే మరల వాడుట కారణమని తేలెను. అనగా గోతిలోని సూది గోతిలోనే యుండునను హామీ లేదు.

కబురందవలసినది పల్లెలో పంచాయతీకి, పట్టణమున పురపాలక సంఘపు ఆరోగ్యశాఖకు, ఎచ్చటనైనను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి. ఈ నిబంధనలను అమలుపరుచు అధికారము ఆ మండలిదే. నోటిమాటగా చెప్పినది నోటిమాటగానే పోవును గనుక వ్రాసి యియ్యవలెను. దోమల బాధను గూర్చి పురపాలక కమిషనరుకు ఊహాలేఖలు వ్రాయించుట తెలుగు తరగతులలో ఏటేట జరుగుచున్నదే. నిజమైన కుప్ప కంటబడిననాడు ఆ లేఖ నిజముగా వ్రాయింపవచ్చును. చూచిన తేదీ, వేళ, చోటు, దగ్గరనున్న బావి లేక బడి, కుప్ప సుమారు కొలత, సంచుల రంగు, వానిపై చీటీ యున్నచో అందలి అక్షరములు అందుండవలెను. విశేషణములు అక్కరలేదు. నకలుపై కార్యాలయపు ముద్ర వేయించుకొని భద్రపరుపవలెను. వారము గడచినను కుప్ప కదలనిచో, ఆ నకలును జతపరచి కలెక్టరుకు రెండవ లేఖ పంపవలెను.