మీటరులో వెలిగే ఆ పసుపు దీపం గురించి నాలుగు మాటలు

మేము చదువుకున్నది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాం. తప్పులుంటే పెద్ద మనసుతో చదవండి.

పోయిన నెల మీటింగు అయ్యాక టీ తాగుతూ ముగ్గురు సభ్యులు ఒకే మాట అన్నారు. కారు మీటరులో ఏబీఎస్ దీపం, దాని పక్కన కారు జారుతున్నట్టుండే బొమ్మ దీపం ఆరడం లేదట. "బండి బాగానే పోతోంది కదా, వదిలేశాం" అన్నారు. ఒకాయన దాని మీద స్టిక్కరు కూడా అంటించారు. అలా వదిలెయ్యడం తప్పు. దీపం వెలిగిందని ఒక్కో పార్టూ మారుస్తూ పోవడం ఇంకో తప్పు. రెండూ చేసినవాళ్లం కాబట్టే ధైర్యంగా చెబుతున్నాం.

మా కారు ముందు కుడి చక్రంలో హోరు వస్తోందని ఒక వర్క్‌షాపులో బేరింగు మార్పించాం. ఆ సాయంత్రమే రెండు దీపాలూ వెలిగాయి. "సెన్సర్ పోయింది" అన్నారు. రూ. 2,800 పెట్టి కొత్తది వేయించాం. దీపం ఆరలేదు. "అయితే ఏబీఎస్ యూనిట్టే పోయింది, రూ. 42,000 అవుతుంది" అన్నారు. పెన్షన్ డబ్బుతో బతికేవాళ్లం, అంత ఎక్కడ తెస్తాం? మామూలు బ్రేకు పని చేస్తుందిలే అని రెండు నెలలు అలాగే తిప్పాం.

వానాకాలంలో ఒక సాయంత్రం మనలి ఎక్స్‌ప్రెస్ రోడ్డులో ముందు పోతున్న కంటైనర్ లారీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాం. చక్రాలు బిగుసుకుపోయి బండి జర్రున జారింది. స్టీరింగు తిప్పినా తిరగలేదు. లారీకి మూరెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో మనవరాలు ఉంది. ఆ రాత్రి మా ఇంటావిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు మనలిలోనే ఒక చిన్న షెడ్డుకు పోయాం. ఆ తంబి పానా ముట్టుకోలేదు. ముందు స్కానర్ పెట్టి, నన్ను మెల్లగా నడపమన్నాడు. మూడు చక్రాలు 20 కిలోమీటర్లు చూపిస్తే, కుడి ముందు చక్రం సున్నా. "సెన్సర్ మంచిదే సార్, బేరింగుని తిరగేసి ఎక్కించారు" అన్నాడు. చాలా కార్లలో బేరింగుకు ఒక పక్క అయస్కాంతపు వలయం ఉంటుంది. సెన్సర్ చదివేది దాన్నే. తిరగేస్తే అది అవతలి పక్కకు పోతుంది, సెన్సర్‌కు ఏమీ కనబడదు. విప్పాక గుండుసూది పెట్టి చూపించాడు. ఒక పక్క అంటుకుంది, ఇంకో పక్క అంటుకోలేదు. ఊడదీసిన బేరింగు మళ్లీ వాడకూడదని కొత్తది వేశాడు. కూలితో కలిపి రూ. 3,400. అంతే.

రైల్వేవాళ్లకు ఇది కొత్త కాదు. పట్టాల పక్కన యాక్సిల్ కౌంటర్ ఉంటుంది. సెక్షన్లోకి ఎన్ని ఇరుసులు పోయాయి, ఎన్ని బయటికొచ్చాయి అని లెక్కపెడుతుంది. లెక్క తేడా వస్తే లైను ఖాళీ అని ఒప్పుకోదు. లైను నిజంగా ఖాళీ అని చూసుకున్నాకే రీసెట్ చెయ్యాలి. మన కారు కూడా అంతే. నాలుగు చక్రాల వేగం, స్టీరింగు కోణం, బండి పక్కకు తిరిగే తీరు కలిపి చూస్తుంది. లెక్క కుదరకపోతే ఆ ఏర్పాటును ఆపేసి దీపం వెలిగిస్తుంది. కారణం చూడకుండా కోడ్ చెరిపేస్తే దీపం మళ్లీ వెలుగుతుంది.

ఇది పెద్ద కార్ల సోకు అనుకోకండి. బాష్ కంపెనీ చేసిన ఈ ఏర్పాటు 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు పరీక్షిస్తుండగా చిన్న ఏ క్లాస్ కారు బోల్తా పడింది. ఆ తరువాత ఆ కారులోనూ దీన్ని తప్పనిసరిగా పెట్టారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. రెండూ నమ్ముకున్నది ఆ చక్రాల సెన్సర్లనే.

కారు జారుతున్నట్టుండే బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటే అది పని చేస్తోందని అర్థం. ఆగకుండా వెలిగితేనే దోషం. అప్పుడు ఈ వరసలో చూడండి. బ్యాటరీ నీరసంగా ఉందా? నాలుగు టైర్లూ ఒకే సైజా, గాలి సమంగా ఉందా? తరువాత కోడ్ చదివించండి. చౌక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ చదివేది కావాలి. ఆ చక్రం దగ్గర వైరు తెగిందా, ఎలుక కొరికిందా, కనెక్టరులో నీళ్లు చేరాయా, ఇనుపరజను పట్టిందా చూడాలి. అలైన్‌మెంట్ చేశాక దీపం వెలిగితే స్టీరింగు సెన్సర్‌కు సున్నా పెట్టించుకోవాలి, పార్టు మార్చనక్కర్లేదు. 2023 డిసెంబరు వరదలో మునిగిన బండైతే సీట్ల మధ్య కింద ఉండే సెన్సర్‌నూ చూడమనండి. పార్టు మార్చడం అన్నిటికన్నా చివర.

మా కోరిక ఒకటే. ఏబీఎస్ కోడ్ చదివే స్కానర్ ఒకటి సంఘం కొనాలి. మన పిల్లల్లో టాక్సీ నడిపేవాళ్లు ఉన్నారు, వాళ్లకీ ఉపయోగం. "అది మెకానిక్ పని, సంఘానికి ఎందుకు?" అని కొందరు అంటారు. మనం రిపేరు చెయ్యడం లేదు, చదువుతాం, అంతే. మేము రైలు నడపలేదు. కానీ మా గూడ్స్ ఆఫీసులో కాగితం లేకుండా ఒక్క వ్యాగను కదల్లేదు. అలాగే కోడ్ నంబరు కాగితం మీద రాసివ్వకుండా, పాత పార్టు చేతికివ్వకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

వచ్చే మీటింగులో ఈ మాట ఎత్తుతాం. మీ అభిప్రాయం కింద రాయండి. ఆ స్టిక్కరు అంటించిన అన్నగారు మాత్రం ఈ రోజే పీకెయ్యండి.