ఏఐకి బెట్టింగ్ రేట్లు తెలుసు.. మరి మన చట్టం తెలుసా?

బెట్టింగ్ ప్రపంచంలోకి ఇప్పుడు ఏఐ ఏజెంట్లు కూడా వచ్చేశాయి. ఏ మ్యాచ్‌కి ఏ సైట్ ఎంత రేటు ఇస్తోందో క్షణాల్లో వెతికిపెట్టే టూల్స్ వాటి చేతికి అందుతున్నాయి. లీగ్‌ల డేటా ఎక్కడుంది, రేటు ఎలా చదవాలి అని ఏజెంట్‌కి దారి చూపేది ఆ టూల్‌తో వచ్చే గైడ్. అయితే అందులో మరో రెండు విషయాలు ఉండి తీరాలి.

ఒకటి లెక్క. రెండు జట్లకీ 1.90 రేటు ఉందనుకోండి. చెరో 100 రూపాయలు పెడితే 200 పోయి, తిరిగొచ్చేది 190. ఆ 10 నిర్వాహకుడిది. ఏఐ రేటు చూపించినంత మాత్రాన ఈ కోత పోదు.

రెండోది చట్టం. సికింద్రాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో బెట్ వేసినా నేరమే. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించింది. 2025 నాటి కేంద్ర చట్టం ప్రకారం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్స్ నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసినా 2 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

రేట్లు చూడటం వేరు, డబ్బు పెట్టడం వేరు. ఈ తేడా గైడ్‌లోనే స్పష్టంగా రాయాలి. ఎందుకంటే కేసు పడితే పోలీస్ స్టేషన్‌కి వెళ్లేది ఏఐ కాదు.. మనమే!