టోపీ పెట్టడం కూడా పుణ్యమే

మన భాషలో టోపీకి మంచిపేరు లేదు. ఒకరికి టోపీ పెట్టామంటే వారిని మోసగించామని అర్థం. పారసీకపు ‘కులాహ్’ నుంచి వచ్చిన ‘కుళ్ళాయి’ సంగతీ అంతంతమాత్రమే. తిరుమలలో దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలిచిన కృష్ణరాయల లోహప్రతిమ తలపై కుళ్ళాయి ఎంత ఠీవిగా ఉన్నా, ఆ మాట వినగానే సాహితీప్రియులకు గుర్తొచ్చేది కర్ణాట రాజ్యపు కొలువులో అది పెట్టుకోవలసి వచ్చిందని వాపోయిన శ్రీనాథుని పేరిటి చాటువే. ఇక రెండు మొగాలన్నది సరేసరి, అది పచ్చి నింద.

అలాంటిది నేనీమధ్య ఒక మిత్రురాలికి రెండు మొగాల టోపీలు రెండు కుట్టి ఇచ్చాను. ఏవైపు తిప్పి పెట్టుకున్నా అదే పైవైపు అయ్యే గుడ్డటోపీలవి. ఆవిడ నాతోపాటు పాతికేళ్ళు ఒకే బడిలో లెక్కలు చెప్పారు. కేన్సరుకు చికిత్స జరుగుతోంది. ఆ మందుల్లో కొన్నిటికి, మొదలుపెట్టిన 2–4 వారాల్లోనే జుట్టు రాలిపోవడం మామూలు. చికిత్స ముగిశాక సాధారణంగా మళ్ళీ మొలుస్తుంది కూడా. కానీ ఆడదాని బోడితలకు మన సమాజం ఒప్పుకొనే కారణం ఒక్కటే: తిరుపతి మొక్కు. అది కాదంటే చూపులు మారిపోతాయి. వితంతువులకు శిరోముండనం చేయించిన కాలపు జ్ఞాపకం మన కళ్ళలోంచి ఇంకా పోలేదు.

“బజారులో దొరికేదానికి ఇంత శ్రమ ఎందుకు?” అని కొందరు అడిగారు. ఈ టపా వారికి నా సమాధానం.

మొదటిది కొలత. జుట్టు పోయాక తల చుట్టుకొలత తగ్గుతుంది. కొన్న టోపీ కనుబొమల మీదికి జారుతుంది. ఆవిడ తల చుట్టుకొలత సరిగ్గా 22 అంగుళాలు వచ్చింది. అంటే నడినెత్తిన పడే గుండ్రటి ముక్కకు వ్యాసం 7 అంగుళాలు, ఆపై చుట్టూ కుట్టుకు పావంగుళం మార్జిను. “మొత్తానికి మీ ఛందస్సుకు నా ‘పై’ విలువే దిక్కయిందండీ!” అని ఆవిడ నవ్వారు.

రెండవది కుట్టు. మామూలు టోపీలో మార్జిను లోపలివైపు నిలిచి తలకు ఒరుసుకుంటుంది. వెంట్రుక లేని చర్మం ఆ మాత్రానికే మండుతుంది. రెండు మొగాల టోపీలో ఆ బాధ లేదు. రెండు విడి టోపీలు పూర్తిగా కుట్టి, పైవైపులు ఎదురెదురుగా ఉండేటట్లు ఒకదానిలో మరొకటి దూర్చి, అంచు చుట్టూ కుట్టి, మూడువేళ్ళంత సందు మాత్రం వదలాలి. ఆ సందులోంచి మొత్తం తిరగదీసి, సందును చేతికుట్టుతో మూసేస్తే మార్జిను అంతా రెండు పొరల నడుమ దాగిపోతుంది. ఒకవైపు లేతరంగు మంగళగిరి నేత, మరొకవైపు పెడన కలంకారీ వేశాను. నూలుగుడ్డను కత్తిరించకముందే తడిపి ఆరవేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే బిగుసుకుపోతుంది, రంగు దిగి రెండవవైపుకు అంటుతుంది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. లైనింగు వేసిన టోపీలో లోకానికి చూపవలసిన వైపేదో కుట్టినవాడే తేల్చేస్తాడు. రెండు మొగాల టోపీలో ఆ నిర్ణయం పెట్టుకొనేవారిది. ఇంట్లో ఒకవైపు, పేరంటానికి మరొకవైపు. మనసు లేనినాడు అసలు పెట్టుకోకపోవచ్చు. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ‘తల కప్పుకో, మేము చూడలేము’ అన్న ఆజ్ఞ కానుకరూపంలో వెళ్ళకూడదు. టోపీ ఇచ్చేవారు ముందుగా ఆ బోడితలను కళ్ళు తిప్పుకోకుండా చూడగలగాలి. అది చేతకానివారు ఎంత మంచి టోపీ ఇచ్చినా, నా దృష్టిలో అది సామెతలోని టోపీయే.

రోగిని చూడబోయేటప్పుడు మనం యాపిల్ పళ్ళూ, ఊరందరి రోగాల కథలూ మోసుకుపోతాం. పళ్ళు ఆ ఇంట్లో అప్పటికే కుళ్ళుతుంటాయి. కథల సంగతి చెప్పనక్కరలేదు. దానికి బదులు ఆ మనిషి కొలతకు సరిపడేదేదో ఒకటి చేసి ఇవ్వగలిగితే, మనం వారిని రోగిగా కాక మనిషిగా తలచామని వారికి తెలుస్తుంది. కుట్టడం రానివారు ఒక పూట వంట చేసి పంపవచ్చు. మొన్న శుక్రవారం ఆవిడ నా టోపీని మడిచి చేతిసంచిలో వేసుకొని, బోడితలతోనే గుడికి వెళ్ళి వచ్చారట. విని సంతోషించాను. సంచిలో టోపీ ఉండబట్టే ఆ ధైర్యమని ఆవిడే చెప్పారు.

చివరగా, అలవాటు మానని తెలుగుపండితురాలి విన్నపం ఒకటి. ‘రివర్సిబుల్’ అన్నదానికి మన మాట ఏది? ‘ఉభయముఖి’ అంటే సమాసం బాగుంది గానీ నోట నలగదు. నాకు ‘ఇరుమొగాల కుళ్ళాయి’ నచ్చింది. మిత్రులకు ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి. మూడో టోపీని ఆ పేరుతోనే కుడతాను.