ఆగని ఆట

క్యారమ్ బోర్డును గోడకు ఆనించగానే ఆట ముగుస్తుంది. కొన్ని ఆన్‌లైన్ ఆటలు అలా ముగియవు. ఫోను ఆపివేసినా ఆ లోకం సంస్థవారి సర్వరులో నడుస్తూనే ఉంటుంది. మన అబ్బాయి కట్టుకున్న ఇల్లు, కూడబెట్టిన నాణేలు అక్కడే నమోదై ఉంటాయి. తాను లేని వేళ తోటివారు ముందుకు సాగిపోతారన్న దిగులే అతణ్ణి అన్నానికి లేవనివ్వదు.

అయితే సర్వరు నడిచినంత కాలమే ఆ లోకానికి మనుగడ. 2005లో మొదలైన క్లబ్ పెంగ్విన్‌లో లక్షలాది పిల్లలు మంచు ఇళ్ళు అలంకరించుకున్నారు. 2017 మార్చిలో డిస్నీ సంస్థ ఆ ఆటను మూసివేయగానే ఆ ఇళ్ళు మాయమయ్యాయి.

తల్లిదండ్రులారా! ఫోను లాక్కునే ముందు, ఆ ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో ఉందో బిడ్డకు నెమ్మదిగా వివరించండి.