సముద్రం అడుగున తీగ, పైన మన జాలరి

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిపడినప్పుడు దివిసీమలోనూ, ఇటు రేపల్లె, నిజాంపట్నం వైపు పల్లెల్లోనూ ఏం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, బాటలు పోయాయి. శవాలు తేలుతున్నాయన్న కబురు కూడా మనిషి నడిచి మోసుకుపోవలసి వచ్చింది. తీగ తెగితే ఏమవుతుందో మన ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు తీగలు గట్టు మీద లేవు, సముద్రం అడుగున వున్నాయి. తెనాలిలో బామ్మ డాలస్‌లోని మనవడి ముఖం చూసుకుంటూ మాట్లాడినా, రేపల్లె పక్క రొయ్యల చెరువు రైతు అమెరికాలో ధర ఎలా వున్నదో వాకబు చేసినా ఆ మాట ఆకాశంలో ఉపగ్రహం మీదుగా పోతున్నదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఖండాల మధ్య నడిచే సమాచారంలో నూటికి 95 వంతులకు పైగా సముద్రం అడుగున పరిచిన కేబుళ్లలోనే పోతున్నది. లోతు నీళ్లలో ఆ కేబులు పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే గొట్టమంత లావు వుంటుంది. లోపల వెంట్రుకల్లాంటి గాజు పోగులు. ఒడ్డు దగ్గరపడే కొద్దీ దానికి ఇనుప తీగలు చుట్టి, ఇసుకలో పాతిపెడతారు.

ఇన్నాళ్లూ ఇది ముంబయి, చెన్నైల వ్యవహారంగా వుంటూ వచ్చింది. దేశానికి వచ్చే కేబుళ్లు ఎక్కువగా ఆ రెండు చోట్లే గట్టెక్కాయి. చెన్నై నుంచి అండమాన్ దీవులకు దాదాపు 2,300 కిలోమీటర్ల కేబులు వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. ఇక 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని, అక్కడికి అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు తెస్తామని ప్రకటించింది. తెలుగు తీరం ఎదుటి నీళ్లలోకి కేబుళ్లు వస్తున్నాయన్నమాట. వాటికి కాపలా ఎవరన్న ప్రశ్న కూడా వాటితోపాటే వస్తున్నది.

ఈ మాట ఎత్తగానే అందరికీ ముందు గుర్తు వచ్చేది శత్రువు జలాంతర్గామి. మన తీరానికి అది కొత్త కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ఎదుట మునిగింది. లోపలున్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగలలేదు. అది ఎలా మునిగిందన్న విషయంలో రెండు దేశాలూ ఈనాటికీ ఒక మాట మీద లేవు. కాని నీళ్ల మీద తేలిన సామానును పట్టి తెచ్చి నౌకాదళానికి కబురు చెప్పినవారిలో చేపల వేటకు పోయినవారు వున్నారన్న సంగతి మన తీరం వాళ్లు గుర్తుంచుకోదగినది. రాడార్ల కన్నా ముందు వాళ్ల కంటబడింది.

కేబుళ్ల మీద దెబ్బ తీయడమూ పాత విద్యే. 1914 ఆగస్టులో యుద్ధం ప్రకటించిన కొన్ని గంటలకే బ్రిటిషువారు చేసిన తొలి పని జర్మనీ సముద్ర కేబుళ్లను కోయించడం. అదే ఏడు సెప్టెంబరు 22 రాత్రి మద్రాసులో నూనె ట్యాంకుల మీద గుళ్లు కురిపించిన ఎమ్డెన్ ఓడ కథ పెద్దలు చెప్పగా వినే వుంటారు. ఆ ఎమ్డెన్ చివరికి దొరికిపోయింది కేబుళ్ల దగ్గరే. నవంబరు 9న కోకోస్ దీవుల్లో కేబుల్ స్టేషను ధ్వంసం చేయడానికి మనుషులను దించింది. వాళ్లు గొడ్డళ్లు పట్టుకుని గట్టెక్కే లోపలే స్టేషనులోని వారు వైర్‌లెస్‌లో కబురు పంపేశారు. ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ వచ్చి ఎమ్డెన్ పని పట్టింది. కబురు ముందు వెళ్లింది గనుక ఆ పని జరిగింది.

1971లో అమెరికా మరో ఎత్తు వేసింది. హాలిబట్ అనే జలాంతర్గామిని ఒఖోట్స్క్ సముద్రంలోకి పంపి, రష్యావారి కేబులుకు చెవి ఆనించే యంత్రం తగిలించింది. తీగ కోయలేదు, మాటలు విన్నది. దాదాపు పదేళ్లు రష్యావారికి అనుమానం రాలేదు. చివరికి అమెరికా గూఢచారి సంస్థలో పనిచేసి మానుకున్న ఒకడు డబ్బుకు ఆ గుట్టు అమ్ముకున్నాడు. యంత్రం ఎంత గొప్పదైనా మనిషి దగ్గరే బయటపడింది.

అయితే ఈనాటి శత్రువు జలాంతర్గామిలోనే రావాలని లేదు. మామూలు సరుకు ఓడలో వచ్చి, లంగరు జారిందని చెప్పి పోవచ్చు. 2024 డిసెంబరు 25న ఫిన్లాండు, ఎస్టోనియా దేశాల మధ్య కరెంటు కేబులు ఒకటి, సమాచార కేబుళ్లు నాలుగు దెబ్బతిన్నాయి. ఈగిల్ ఎస్ అనే చమురు ఓడ లంగరును సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోయిందని ఫిన్లాండు ఆ ఓడను పట్టుకుంది. కేసు పెట్టింది. 2025 అక్టోబరులో హెల్సింకీ కోర్టు ఆ సంఘటన తమ పరిధిలోకి రాదని కేసు కొట్టివేసింది. దొంగతనమా, పొరపాటా అన్నది తేలనేలేదు. సొంత జలాల హద్దు దాటాక చట్టం చెయ్యి ఎంత పొట్టిదో దీన్నిబట్టి తెలుస్తున్నది. అందుకే కేబులు తెగాక కోర్టుకు పోవడం కన్నా తెగకముందు కన్ను వేసి వుంచడం మేలు.

ఇంకో లెక్క చూడండి. ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 చోట్ల కేబుళ్లు దెబ్బతింటున్నాయి. అందులో నాలుగింట మూడు వంతుల దాకా లంగర్ల వల్ల, చేపల వలల వల్ల తెలియక జరిగేవే. అదీ ఎక్కువగా 200 మీటర్ల లోపు నీళ్లలో, అంటే మర పడవలు తిరిగే చోట. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగి మన దేశంలోనూ ఇంటర్నెట్ నెమ్మదించింది. అంత దూరాన తెగితేనే ఆ పని అయింది.

ఇక్కడ నిజాంపట్నం రేవుకు రావాలి. ట్రాల్ వల వేసే బోటు వలను నేలకు ఆనించి లాగుతుంది. ఏదో ఒకనాడు వల అడుగున పట్టుకుంటుంది. రాయా, మునిగిన ఓడ ముక్కా, కేబులా అన్నది పైనున్న సరంగుకు కనబడదు. అప్పుడు అతనికి రెండే దారులు. ఇంజను జోరు పెంచి గుంజడం, లేదా తాడు కోసి వల వదులుకోవడం. వల, పలకలు, తాడు కలిపి చిన్న ఖరీదు కాదు. అప్పు తెచ్చి కొన్న వలను ఎవరు కోసుకుంటారు? గుంజుతారు. నేనైనా గుంజుతాను.

కాని ఈ సంగతి మీద ఎప్పుడో ఒక న్యాయమైన కట్టడి చేశారు. 1884లో పారిస్‌లో జరిగిన కేబుళ్ల ఒడంబడికలోనే వున్నది. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టంలో 115వ అధికరణం మళ్లీ అదే చెప్పింది. కేబులును కాపాడడం కోసం లంగరునో, వలనో వదులుకున్న పడవ యజమాని ఆ సంగతి రుజువు చేస్తే, అతను ముందుగా తగిన జాగ్రత్త తీసుకుని వుంటే, నష్టాన్ని కేబులు సొంతదారు చెల్లించాలి. ఇందుకు తగిన చట్టం చేయడం ప్రతి దేశం బాధ్యత. మన దేశం ఆ సముద్ర చట్టాన్ని 1995లో ఆమోదించింది. సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా రేవుల్లో ఈ నియమం పేరైనా విన్న సరంగులు ఎందరో చేతులెత్తమంటే తెలుస్తుంది.

నా అభిప్రాయంలో కేబుళ్ల రక్షణకు మొదటి మెట్టు ఇదే. నౌకాదళం చేయవలసింది చేస్తుంది. జలాంతర్గాములను వెతకడం వారి పని, మనకు తెలిసిన పని కాదు. మరమ్మతు ఓడల సంగతి ట్రాయ్ 2023లోనే చెప్పింది, భారత పతాకం కింద నడిచే కేబుల్ ఓడలు కావాలని. అది ఢిల్లీ చూసుకోవలసింది. జిల్లాలో చేయగలిగిన పని వేరే వుంది. కేబులు ఏ దారిన పోతున్నదో అక్షాంశ రేఖాంశాలతో సహా తెలుగులో అచ్చువేసి ప్రతి బోటుకూ ఇవ్వాలి. జి.పి.ఎస్.లో గుర్తులు పెట్టి చూపాలి. వల కోసుకున్నవాడు ఎక్కడ, ఎవరికి, ఎన్నాళ్ల లోపల చెప్పుకోవాలో, ఏమి రుజువు చూపాలో అదే కాగితం మీద వుండాలి.

పటాలు బయటపెడితే శత్రువుకు తెలిసిపోదా అని కొందరు అడగవచ్చు. ఓడలు వాడే సముద్ర పటాల్లో కేబుళ్ల దారులు గుర్తు పెట్టడం లోకమంతా వున్న పద్ధతే. శత్రువు ఆ పటం కొనుక్కుంటాడు. తెలియనివాడు మన సరంగు ఒక్కడే.

జాలర్లకు వేరే భయం వుంటే అదీ న్యాయమే. ఆస్ట్రేలియాలో సిడ్నీ, పెర్త్ ఎదుట కేబుళ్ల రక్షణ మండలాలు పెట్టి, అందులో లంగరు వేయడాన్నీ కొన్ని రకాల వేటనూ నిషేధించారు. ఇక్కడా అలాంటి గీతలు గీయవచ్చు. మర పడవ సొంత వూరి ఎదుటే తిరగదు, చేప ఎటుంటే అటు పోతుంది. విశాఖ ఎదుట గీసిన గీత నిజాంపట్నం బోటుకూ తగులుతుంది. గీత గీసే ముందు ఇక్కడి సంఘాలతోనూ కూర్చుని మాట్లాడాలి. చెప్పకుండా గీస్తే రేపు కేబుల్ మీద ఏ కొత్త ఓడ తచ్చాడుతున్నా చూసి చెప్పేవాడు వుండడు. వేట పోగొట్టుకున్నవాడు తీగకు కాపలా కాయడు.

చూసి చెప్పడానికి దారులు ఇప్పటికే వున్నాయి. సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డు నంబరు 1554, అనుమానం కలిగిన సంగతులకు మెరైన్ పోలీసుల నంబరు 1093. ఒకేచోట గంటల తరబడి తిరిగే ఓడ, పేరు కనబడకుండా చేసిన ఓడ, లంగరు సగం దించి పోతున్న ఓడ కనిపిస్తే ఎంత దూరాన, ఏ వేళ, ఎటు పోతున్నదో చెబితే చాలు. చెప్పినవాడిని స్టేషను చుట్టూ తిప్పకుండా వుంటే రెండోసారి కూడా చెబుతాడు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు రేవులోనే వుంటాయి, సరంగులు ఇళ్ల దగ్గరే వుంటారు. మత్స్యశాఖ, కోస్ట్‌గార్డు, కేబులు వేసే కంపెనీల మనుషులు పటాలు పట్టుకుని నిజాంపట్నం రావడానికి అంతకన్నా మంచి అదను దొరకదు.