కుదుపు మింగేదెవరు?

దూరప్రయాణాల కోసం మోటారుసైకిలు కొన్న మనవాళ్ళు దానికి చేయించే మార్పులలో ఒక వరుస కనిపిస్తుంది. మొదట సైలెన్సరు మారుతుంది, ఊరంతా వినాలి కనుక. ఆపై ఫాగ్ లైట్లు, క్రాష్ గార్డు, ట్యాంకు మీద సంచీ, వెనుక పక్కలకు పెట్టెలు. ఇవన్నీ అయ్యాక జేబులో ఇంకేమైనా మిగిలితే వెనుక షాకబ్జార్బర్ల ఊసు వస్తుంది. అది కూడా చాలా ఇళ్ళలో "ఇక మీ బండి ఎక్కేది లేదు" అన్న మాట వినబడ్డ తరువాతనే. ఈ వరుస తలకిందులుగా ఉన్నదని నా వాదన. టైర్లూ బ్రేకులూ సరిగా ఉన్నాయనుకున్నాక, దూరం పోయే బండికి మొదటి రూపాయి ఖర్చు పెట్టవలసింది వెనుక షాకుల మీదనే. అయితే ఇప్పుడు మన దగ్గర సాగుతున్న పద్ధతిలో మాత్రం కాదు. "గ్యాస్ షాకులు వేయించేశాను" అని గర్వంగా చెప్పుకొనే ఆ పద్ధతి, వేయించకపోవడం కంటె ఏమంత మేలైనది కాదు.

చిక్కంతా పేరులోనే ఉన్నది. షాకబ్జార్బరు అనగానే కుదుపును మింగే గొట్టమని అర్థం చేసుకుంటాము. (తెలుగు చేసి "కుదుపుమింగుడు" అనవచ్చు గాని, మెకానిక్కు ముఖం చూసే ధైర్యం నాకు లేదు.) నిజానికి కుదుపును మింగేది పైన చుట్టుకొని ఉన్న స్ప్రింగు. మింగి ఊరుకోదు, వెంటనే తిరిగి కక్కుతుంది. ఆ కక్కడాన్ని నెమ్మదింపజేసేది లోపలి గొట్టంలోని నూనె. పిస్టనుకున్న సన్నని రంధ్రాల గుండా నూనె ఒత్తుకొని పోతూ కదలికను వేడిగా మారుస్తుంది. బ్రిటిషువారు దీనిని డ్యాంపరు అన్నారు, అదే సరైన మాట. మనమేమో స్ప్రింగు చేయవలసిన పనిని గొట్టానికి అంటగట్టి, గొట్టం ఖరీదు పెరిగితే కుదుపు తగ్గుతుందని నమ్ముతున్నాము.

బరువుకు తగని స్ప్రింగును ఎంత ఖరీదైన గొట్టమూ కాపాడలేదు. ఒక లెక్క వేసి చూద్దాము. 2018లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650కి వెనుక రెండు షాకులు, కదలిక 88 మిల్లీమీటర్లు. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు ఇందులో మూడోవంతు, అంటే సుమారు 29 మిల్లీమీటర్లు, కుంగడం మంచిదని సాధారణ సూత్రం. గుంతలోకి చక్రం దిగడానికి ఆ కుంగు కావాలి, గట్టు ఎక్కడానికి మిగిలినది కావాలి. ఇప్పుడు రెండు స్ప్రింగులూ కలిసి మిల్లీమీటరుకు 2 కిలోలు మోస్తాయని అనుకుందాము. ఇది కంపెనీ చెప్పిన అంకె కాదు, లెక్క కోసం నేను తీసుకున్నది. షాకు వాలును కూడా పక్కన పెడుతున్నాను. వెనుక 60 కిలోల మనిషి, 20 కిలోల సామాను ఎక్కితే ఆ 80 కిలోలూ దాదాపుగా వెనుక చక్రం మీదనే పడతాయి. బండి ఇంకొక 40 మిల్లీమీటర్లు కుంగుతుంది. మొత్తం 69. ఇక మిగిలింది 19 మిల్లీమీటర్లు, బొటనవేలి వెడల్పు!

ఈ 19 మిల్లీమీటర్లతో మనం ఎక్కబోయే గట్టు ఎంతటిదో కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐఆర్‌సీ 99లో స్పీడుబ్రేకరు 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా ఉండాలని రాసుకున్నారు. మన ఊళ్ళ మొదట్లో రాత్రికి రాత్రి సిమెంటుతో లేచే గట్టుకూ ఆ కొలతలకూ బంధుత్వం లేదు. ముందున్నవాడు గట్టును చూస్తాడు, ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి నిలబడతాడు. వెనుక కూర్చున్న మనిషికి గట్టు కనబడదు, సామాను మధ్య లేవడానికి చోటూ ఉండదు. ఆ 19 మిల్లీమీటర్లూ అయిపోయాక మిగిలిన కుదుపును మింగేది ఆ మనిషి వెన్నెముకే.

దీనికి మెకానిక్కు సిద్ధంగా ఉంచుకున్న జవాబు, "టైటు చేస్తాను సార్". అంటే షాకు కిందనున్న మెట్ల కాలరును తిప్పి ప్రీలోడ్ పెంచడం. 2020లో వచ్చిన మీటియర్ 350కి అలాంటి మెట్లు ఆరున్నాయి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది మన రోడ్ల మీద తిరుగుతున్న అతిపెద్ద అపోహ. గట్టిపడదు. స్ప్రింగును 10 మిల్లీమీటర్లు ముందుగా నొక్కి ఉంచితే బండి వెనుక భాగం దాదాపు 10 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, అంతే. మిల్లీమీటరుకు 2 కిలోలు మోసేది 2 కిలోలే మోస్తుంది. మన 19 కాస్తా 29 అయింది. అది ఉచితంగా వచ్చేది కనుక కొత్తవి కొనేముందు తప్పక చేసి చూడవలసిందే. అది చాలకపోతే కావలసింది వేరే స్ప్రింగు. మిల్లీమీటరుకు 3 కిలోలు మోసేదైతే అదే 80 కిలోలకు 27 మిల్లీమీటర్లే దిగుతుంది.

మరి గ్యాసు సంగతి? గ్యాసు కుదుపును మింగదు. నూనె వేగంగా అటూ ఇటూ పోయి వేడెక్కినప్పుడు బుడగలు పుడతాయి. నురగ రంధ్రాలలోంచి అడ్డూ ఆపూ లేకుండా జారిపోతుంది. అప్పుడు గొట్టం ఉన్నా లేనట్టే. నైట్రోజన్ ఒత్తిడి ఆ బుడగలను పుట్టనివ్వకుండా అణచి ఉంచుతుంది. నూనెకూ గ్యాసుకూ మధ్య తేలే పిస్టను పెట్టే ఏకగొట్టం పద్ధతిని ఫ్రాన్సులో ద కార్బోన్ 1953లోనే మార్కెట్టుకు తెచ్చాడు, ఇదేమీ నిన్నటి అద్భుతం కాదు. పక్కన వేలాడే డబ్బా మరికొంత నూనెకూ గ్యాసుకూ చోటిస్తుంది, వేడి పోవడానికి సాయపడుతుంది. బజారులోని చవకరకాలలో కొన్నింటికి ఆ డబ్బా వట్టి అలంకారం, గొట్టంలోకి దారే ఉండదు. మారేడుమిల్లి ఘాటులో సామానుతో గంటలకొద్దీ పోయేవారికి అసలైన డబ్బా ఉపయోగమే. వారానికోసారి టిఫిను కోసం ఊరి బయటికి పోయేవారికి ఎందుకో నాకు బోధపడలేదు.

స్ప్రింగు ఒక్కటే గట్టిది వేసి పాత గొట్టాన్ని ఉంచే మితవ్యయపరులూ ఉన్నారు. గట్టి స్ప్రింగు మరింత బలంగా తిరిగి తంతుంది, పాత నూనె దానిని ఆపలేదు. ఫలితం, గట్టు దాటాక రెండుమూడు ఊపులు. రీబౌండు మరీ బిగిస్తే ఇంకొక చేటు. జాతీయ రహదారులపై కూడళ్ళ ముందు వరుసగా వేసిన పట్టీల మీద, ఒక దెబ్బకు కుంగిన షాకు తేరుకోకముందే మరొక దెబ్బ తగులుతుంది. ఆరో పట్టీకి వచ్చేసరికి అది ఇంచుమించు అడుగుకు చేరి ఉంటుంది. అందుకే రీబౌండు మార్చుకొనే మర వెల పెట్టి కొనదగినది. ప్రీలోడును చేత్తోనే తిప్పుకొనే ఏర్పాటు అంతకంటె కొనదగినది. ఒంటరిగా పోయే రోజుకూ జంటగా పోయే రోజుకూ ఒకే అమరిక సరిపోదు కదా!

"కంపెనీవాళ్ళు ఆలోచించకుండానే పెట్టారా?" అని అడిగే పెద్దమనుషులున్నారు. ఆలోచించే పెట్టారు, అందరి కోసం. 55 కిలోల ఒంటరి కుర్రవాడూ 90 కిలోల భార్యాసమేతుడైన ఉద్యోగీ షోరూములో అదే బండి ఎక్కి చూస్తారు. మెత్తగా ఉంటే ఇద్దరూ కొంటారు. ఇంకొందరు ఇదంతా సుఖాభిలాష అంటారు. వారొకసారి రాత్రిపూట నిండు బరువుతో ఉన్న బండికి ఎదురుగా నిలబడి చూడాలి. వెనుక కుంగితే ముందు దీపం పైకి లేచి ఎదుటి లారీ డ్రైవరు కళ్ళలో పడుతుంది. హ్యాండిలు తేలికై, మలుపులో బండి అనుకున్న గీత దాటి బయటికి పోతుంది. ఘాటులో బయట ఉండేది లోయ. ఇందులో సుఖమెక్కడున్నది?

కొనేటప్పుడు షాకు పొడవు కూడా చూసుకోవాలి. పొడవైనవి వేస్తే చెయిను బిగువు మారుతుంది, పక్క స్టాండు మీద బండి మరీ ఒరుగుతుంది. మీ బరువెంత, వెనుక ఎవరు కూర్చుంటారు, సామాను ఎంత కడతారు అని అడగకుండా ఎరుపు కావాలా బంగారు రంగు కావాలా అని అడిగే దుకాణదారుకు మనం అక్కడే నమస్కారం పెట్టవచ్చు. పేరున్న తయారీదార్లు బరువును బట్టి స్ప్రింగు ఇస్తారు, విప్పి సీళ్ళూ నూనే మార్చుకొనే వీలున్న రకాలూ చేస్తారు. పాతవాటిని మాత్రం పారవేయక అటక మీద ఉంచుకోండి. కొత్తవి సీళ్ళ మార్పిడికి పోయిన వారం రోజులూ బండి ఇంట్లో నిలబడనక్కరలేదు.