మాలపల్లి ఏ శాఖది?

బెజవాడ గవర్నర్‌పేట లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో డిగ్రీ పిల్లలు అమ్ముకున్న పుస్తకాలు దొంతర్లుగా కనిపిస్తాయి. రాజనీతిశాస్త్రం పుస్తకం మీద తెలుగు నవల, దాని మీద గ్రూప్స్ బిట్ బ్యాంకు. బిట్ బ్యాంకులో ‘మాలపల్లి’ ఒక్క మార్కు ప్రశ్న. రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ అని గుర్తు పెట్టేస్తే పనైపోయింది.

ఆ నవల పడ్డ పాట్లు తెలిసినవాళ్లకు అది చాలదు. ఉన్నవ దాన్ని జైల్లో రాశారు. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శాసనమండలిలో చర్చ జరిగింది. 1928లో కొన్ని మార్పులతో అనుమతి దొరికింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పాఠ్యగ్రంథంగా పెడితే 1936లో సర్కారు మళ్లీ అడ్డుపడింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే ఆ ఆంక్ష తొలగింది.

అలాంటి పుస్తకాన్ని తెలుగు శాఖ ఒక్కటే చదివి ఊరుకోవడం అన్యాయం. కూలి కోసం జనాన్ని కూడగట్టిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ ఘట్టాన్ని మన విద్యార్థి పాత్రచిత్రణ కింద రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ఆనాడు ఓటు హక్కు ఆస్తినీ, పన్నునూ బట్టి ఉండేదని అతనికి చెప్పవలసిన మాస్టారు పక్క గదిలో పాలిటిక్స్ చెబుతుంటారు. ఆ గదిలోని పిల్లలకు 1919 భారత ప్రభుత్వ చట్టం కంఠతా వచ్చు. ఆ చట్టం ఓటివ్వని రామదాసు, అంటే సంగదాసు తండ్రి, ఇంట్లోకి మాత్రం వాళ్లెన్నడూ తొంగిచూడరు.

‘మాలపల్లి’ని పాఠ్యగ్రంథంగా పెట్టిన ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఈ బెజవాడలోనే మొదలైందన్న సంగతి మన ఊరివాళ్లే మరిచిపోతున్నారు. వాల్తేరుకు వెళ్లింది 1930లో. దాని తొలి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి, ‘కవిత్వతత్త్వ విచారం’ రాసిన విమర్శకుడు, కేంబ్రిడ్జిలో చరిత్ర చదివినవాడు, శాసనమండలిలో ప్రభుత్వాన్ని నిలదీసినవాడు. 1930లో సర్కారు దమనకాండకు నిరసనగా పదవి వదులుకున్నారు. కవిత్వానికొక మనిషి, రాజకీయానికొక మనిషిగా ఆయన విడిపోలేదు.

అలాగని నవలను రాజకీయ సిద్ధాంతానికి ఉదాహరణగా వాడుకుని పారేసే పాఠం మాకూ వద్దు. రామదాసు నిబ్బరం, మాలపల్లి జనం వాడుకమాటల్లోని బిగువు పట్టుబడకపోతే సంగదాసు చావు వట్టి సమాచారమే. అందుకే పాలిటిక్స్ మాస్టారు ఈ నవల చెప్పే గదిలో తెలుగు మాస్టారు తప్పకుండా ఉండాలి, అవసరమైతే ఆయన మాటకు అడ్డం పడాలి.

మూడు సబ్జెక్టుల పాత బి.ఏ.లో హిస్టరీ, పాలిటిక్స్, స్పెషల్ తెలుగు కలిపి తీసుకునే వీలుండేది. 2023-24లో ఒకే మేజర్ పద్ధతి వచ్చాక ఒకటి ప్రధానం, ఇంకొకటి మైనరు అయ్యాయి. మేం అడిగేది చిన్నదే. ఒక పేపరు, ఇద్దరు అధ్యాపకులు, ఒకే గది. మొదటి పాఠం ‘మాలపల్లి’, దాని పక్కనే ఆ నిషేధంపై శాసనమండలిలో జరిగిన చర్చ. కృష్ణా విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్ దీన్ని వచ్చే సమావేశంలోనే చర్చకు పెట్టాలి.